చిప్పలకి గుండ్రటి చిల్లులు ఎవరు పెడుతున్నారు? (భీమిలి బీచ్‌లో ఏరిన గుల్లలు)

స్వాతి_మియాపూర్ | శనివారం, రాత్రి 8:10

పిల్లలకి సెలవులని వైజాగ్ వచ్చాం. సాయంత్రం భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే వైపు నడుస్తుంటే మా పాప క్యారీబ్యాగ్ నిండా గుల్లలు ఏరేసింది. ఇప్పుడు హోటల్ గదిలో పేపర్ పరిచి అన్నీ ఆరబోసుకుని కూర్చున్నాం. రెండు డౌట్లు, తెలిసినవాళ్ళు చెప్పండి.

తెల్ల చిప్పల్లో చాలా వాటికి చిల్లు ఉంది. పగిలి పడ్డ కన్నం కాదు. కాంపస్ పెట్టి గీసినంత గుండ్రంగా, దాదాపు అన్నిటికీ ఒకే చోట, రెండు చిప్పలు అతుక్కునే ముక్కుకి దగ్గర్లో. మావారేమో దండలు గుచ్చేవాళ్ళు పెట్టి ఉంటారంటున్నారు. చిల్లు పెట్టి మళ్ళీ బీచ్‌లో పారేస్తారా ఎవరైనా?

రెండోది కొంచెం అర్జెంట్. అరచేతిలో పట్టే నత్తగుల్ల ఒకటి పేపర్ మీద దానంతటది జరిగింది. వంగి చూస్తే లోపల ఎర్రటి కాళ్ళు! ముట్టుకోగానే ముడుచుకుపోయాయి. పాప దానికి పేరు కూడా పెట్టేసింది.

ఉప్పాడ_బోటు | 8:22

ముందు రెండోదానికి చెప్తాను. అది నత్త కాదండి, పీత. నత్త ఎప్పుడో చచ్చిపోతే ఖాళీ అయిన గుల్లలో ఇది కాపురం పెట్టింది. హెర్మిట్ క్రాబ్ అంటారు. మాకు వలల్లో పడుతూనే ఉంటాయి. తీసుకెళ్ళి సముద్రంలో వదిలెయ్యండి. ఈలోగా కుళాయి నీళ్ళలో మాత్రం వెయ్యొద్దు, చచ్చిపోతుంది.

స్వాతి_మియాపూర్ | 8:25

బాబోయ్. మావారు ఇప్పుడే గ్లాసుతో మినరల్ వాటర్ తెచ్చారు. ఆపేశాను. అందులో ఉప్పు కలిపితే?

జువాలజీ_మాస్టారు | 8:41

పనికిరాదమ్మా. సముద్రపు నీళ్ళంటే ఉప్పు కలిపిన నీళ్ళు కాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం లాంటివి చాలా ఉంటాయి. నీళ్ళు లేకపోయినా మొప్పలు తడిగా ఉన్నంతసేపు అది ఊపిరి తీసుకోగలదు. పాప ఆడుకున్న బకెట్లో సముద్రపు నీళ్ళు ఏమైనా మిగిలాయా? ఉంటే వాటితో ఒక గుడ్డ తడిపి మీద కప్పి, ఏసీ గాలి తగలని చోట పెట్టండి. డబ్బాలో పెట్టి మూత బిగించొద్దు. మీ హోటల్ బీచ్‌కి దగ్గరైతే ఈ రాత్రికే అల తగిలే చోట వదిలిరావడం ఇంకా మంచిది.

కవిత_కరీంనగర్ | 8:47

సిల్లీ డౌట్ అనుకోకండి. పీతని వదిలేసి గుల్ల మనం ఉంచుకోవచ్చు కదా?

జువాలజీ_మాస్టారు | 8:58

సిల్లీ ఏం కాదు, బీచ్‌లో చాలామంది చేసేది అదే. గట్టిగా లాగితే పీత తెగిపోతుంది గానీ గుల్ల వదలదు. దానికి ముందు భాగానికే గట్టి పెంకు ఉంటుంది. వెనక పొట్ట మెత్తగా, గుల్ల మెలికకి తగ్గట్టు ఒక పక్కకి వంగి ఉంటుంది. చివర్లో ఉన్న చిన్న కాళ్ళతో లోపలి స్తంభాన్ని పట్టుకుని వేలాడుతుంది. గుల్ల లేకుండా వదిలేస్తే కాసేపట్లో ఏ చేపకో పక్షికో ఆహారమే.

పైగా అది పెరిగేకొద్దీ ఇల్లు మారాలి. మంచి పెద్ద గుల్ల ఒకటి ఖాళీగా దొరికితే చుట్టుపక్కల పీతలన్నీ పోగవుతాయి. అన్నిటికన్నా పెద్దది అందులోకి దూరుతుంది, అది వదిలిన దాంట్లోకి దాని తర్వాతది, ఇలా వరసగా నిమిషాల్లో అందరూ ఇళ్ళు మారిపోతారు. చివర్న ఉన్న చిన్నది వదిలిన గుల్ల మిగులుతుంది.

స్వాతి_మియాపూర్ | 9:35

వదిలేసి వచ్చాం! నీళ్ళు తగలగానే కాళ్ళు బయటపెట్టి ఎటో నడుచుకుంటూ పోయింది. పాప కొంచెం ఏడ్చింది, ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టాం. ఇక చిల్లుల సంగతి చెప్పండి మాస్టారూ.

జువాలజీ_మాస్టారు | 10:12

దండలు గుచ్చేవాళ్ళ పని కాదు. అవి హత్యలు.

చేసింది ఇంకో నత్త. మూన్ స్నెయిల్ అంటారు. గుల్ల నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. మీ సంచీలోనూ ఒకటో రెండో ఉండే ఉంటాయి, చూడండి. ఇసుక కింద పాకుతూ చిప్పల్ని వేటాడుతుంది. చిప్ప దొరకగానే తన పాదాన్ని, అంటే పాకడానికి వాడే మెత్తటి కండని, బాగా విప్పి దాన్ని మొత్తం చుట్టేస్తుంది. చిప్ప తలుపులు బిగించుకుని కూర్చుంటుంది. నత్తకి తొందరేం లేదు. నోటి దగ్గరున్న గ్రంథితో ఆమ్లం పూసి పెంకుని మెత్తబరుస్తుంది, చిన్న చిన్న పళ్ళ వరసలున్న నాలుకతో గీకుతుంది, మళ్ళీ ఆమ్లం, మళ్ళీ గీకుడు. గంటకి అర మిల్లీమీటరు అటూ ఇటూగా దిగుతుంది. మందమైన చిప్పకైతే ఒక పగలూ రాత్రీ పట్టినా ఆశ్చర్యం లేదు. చిల్లు పడ్డాక తొండం లోపలికి పెట్టి మాంసం తినేస్తుంది. ఎక్కువగా ముక్కు దగ్గరే తొలుస్తుంది, అందుకే మీకు అన్నీ ఒకే చోట కనిపించాయి.

ఇప్పుడు చిల్లు అంచు చూడండి. బయట వెడల్పుగా ఉండి లోపలికి పోయేకొద్దీ సన్నబడితే మూన్ స్నెయిల్. అంచు నిటారుగా దిగితే మ్యూరెక్స్ జాతి నత్తలు. అవి రాళ్ళ దగ్గర ఎక్కువ, యారాడ వైపో తెన్నేటి పార్క్ కిందో ఏరితే అలాంటివి దొరుకుతాయి. సరిగ్గా ముక్కు మీదే కన్నం పడి, ఆకారం వంకరగా, అంచు అరిగి నున్నగా ఉంటే అది ఇసుక రాపిడి, హంతకులెవరూ లేరు. పెంకంతా జల్లెడలా సన్న కన్నాలుంటే తొలిచే రకం స్పాంజి అనే సముద్ర జీవి చేసింది.

గోదారిగట్టు | 10:20

చిల్లిగవ్వకి కొరగాదనుకున్న చిప్పల వెనక ఇంత క్రైమ్ స్టోరీ ఉందా! నిద్రపట్టదు ఇవాళ.

స్వాతి_మియాపూర్ | 10:31

ఫోన్ టార్చ్ వేసి చూశాం. నిజమే, అంచు లోపలికి వాలుగా ఉంది. వేలి గోరు పెట్టి తిప్పితే తెలుస్తోంది. ఒకదానికి మాత్రం చిల్లు పూర్తి కాలేదు, చిన్న గుంట పడి ఆగిపోయింది. మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంది.

జువాలజీ_మాస్టారు | 10:38

అది దాచుకోండి! ఆ మధ్యలో ఉబ్బు మూన్ స్నెయిల్ సంతకం. సగంలో ఏ అలో వచ్చి విడదీసి ఉంటుంది. ఆ చిప్ప అప్పటికి బతికి, తర్వాత ఇంకెలాగో పోయింది.

ఉప్పాడ_బోటు | 10:44

మాస్టారు చెప్పిన నత్త గుడ్లు మీరు చూసే ఉంటారు. పాటు దిగినప్పుడు, అంటే నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు, తడి ఇసుక మీద బూడిద రంగులో వలయం పడి ఉంటుంది, ఒక పక్క తెరుచుకుని, అంచులు అలలు అలలుగా. పట్టుకుంటే రబ్బరులా సాగుతుంది. టూరిస్టులు ప్లాస్టిక్ చెత్త అనుకుని తంతారు. నత్త తన జిగురుతో ఇసుకని అంటించి మధ్యలో గుడ్లు పెడుతుంది. ఎండితే పొడిపొడి అయిపోతుంది. ఎక్కడుందో అక్కడే వదిలెయ్యాలి.

డైవర్_విశాఖ | ఆదివారం, ఉదయం 6:50

పిల్లలతో గుల్లలేరేవాళ్ళందరికీ ఒక్క మాట, కాస్త సీరియస్‌గా. ఐస్‌క్రీమ్ కోన్ ఆకారంలో, పైన అందమైన గీతలో త్రికోణాల డిజైనో ఉన్న గుల్ల నీళ్ళలో కనిపిస్తే చేత్తో పట్టుకోవద్దు. కోన్ స్నెయిల్ అది. దాని పళ్ళలో ఒకటి బోలు బాణంగా మారి ఉంటుంది, అందులోంచి విషం ఎక్కించి చేపల్ని, పురుగుల్ని పడగొడుతుంది. జియోగ్రఫీ కోన్ అనే రకం కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. వెడల్పు వైపు పట్టుకుంటే సేఫ్ అని కొందరంటారు, నమ్మొద్దు, ఆ బాణం ఉండే తొండం వెనక్కి కూడా తిరుగుతుంది. ఒడ్డున ఎండి, లోపల ఖాళీగా ఉన్నది సరే. జేబులో మాత్రం వేసుకోకండి, ఖాళీయో కాదో తేలేదాకా.

జువాలజీ_మాస్టారు | 7:15

నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ విషంలోంచే మందు కూడా వచ్చింది. కోనస్ మేగస్ అనే నత్త విషంలోని ఒక పదార్థాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, జికోనోటైడ్ పేరుతో తీవ్రమైన నొప్పులకి వాడుతున్నారు. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి నేరుగా ఎక్కించాలి, మాత్రలుగా లేదు.

బతికుందో లేదో తెలుసుకోవడం తేలిక. నత్తగుల్ల నోటికి చాలావాటికి గోధుమరంగు మూత ఉంటుంది. మూత బిగిసి ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే. రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని ఉంటే అదీ బతికే ఉంది. నోరు తెరిచి, ముట్టుకున్నా మూసుకోకపోతే పోయినట్టు. పీత కోసం గుల్లని లోపలికి వెలుతురు పడేలా తిప్పి చూడాలి, అది బాగా లోపలికి ముడుచుకుంటుంది. అందుకే ఒక పదినిమిషాలు తడి ఇసుక మీద కదల్చకుండా పెట్టి చూడటం నయం.

శేఖర్_బాపట్ల | 9:05

చదవడానికి అన్నీ బాగున్నాయి గానీ కొంచెం అతి అనిపిస్తోంది. సూర్యలంక బీచ్‌లో తుఫాను తర్వాత చూడండి, గుల్లలు కుప్పలు కుప్పలు. పాప ఒక సంచీ తీసుకెళ్తే సముద్రానికి ఏం తగ్గుతుంది? పిల్లల్ని గుల్లలు కూడా ఏరుకోనివ్వకపోతే ఫోన్లే చూస్తారు.

డైవర్_విశాఖ | 9:20

ఏరుకోవద్దని ఎవరూ అనలేదండి. లోపల ఎవరున్నారో చూసుకోమన్నాం.

జువాలజీ_మాస్టారు | 9:48

శేఖర్ గారి ప్రశ్న న్యాయమైనదే. స్పెయిన్‌లో సాలూ దగ్గర లార్గా అనే బీచ్ ఉంది. అక్కడ 1978-81 మధ్య పరిశోధకులు ఇసుక మీద గుల్లల్ని లెక్కపెట్టారు. మళ్ళీ 2008-10లో అదే పద్ధతిలో లెక్కపెడితే 60 శాతానికి పైగా తగ్గాయి. ఈలోగా టూరిస్టులు దాదాపు మూడింతలయ్యారు. ఏరుకుపోవడంతో పాటు బీచ్ శుభ్రం చేసే యంత్రాలు, తొక్కిడి కూడా కారణాలు కావచ్చని వాళ్ళే రాశారు. ఒక పాప సంచీ లెక్కలోకి రాదు. ఆర్కే బీచ్‌కి ఆదివారం వచ్చే జనాన్ని తలుచుకుంటే వస్తుంది.

ఉప్పాడ_బోటు | 10:02

నేను శేఖర్ గారి పక్షం. గుల్లలు పోయేది పిల్లల సంచుల్లోకి కాదు, షాపుల్లోకి. మీరు కొనే నిగనిగలాడే గవ్వ, పెద్ద శంఖం ఒడ్డున దొరికినవి అనుకుంటున్నారా? ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఇసుకలో దొర్లి దొర్లి మెరుపు పోతుంది. మెరుస్తోందంటే బతికున్నప్పుడు పట్టిందే. వలలో పడ్డవాటికి ఏజెంట్లు రేటు కడతారు, మాంసం తీసేసి, యాసిడ్‌లో ముంచి పాలిష్ పెట్టి అమ్ముతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మిగతా రోజులు ట్రాలర్లు అడుగంతా గీసుకొస్తూనే ఉంటాయి.

జువాలజీ_మాస్టారు | 10:15

గవ్వ విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా సరి. బతికున్న గవ్వ తన ఒంటి పొరని బయటికి చాపి గుల్ల మొత్తం కప్పుకుంటుంది. కొత్త పెంకు పొర ఎప్పటికప్పుడు పైన పూస్తుంది. అందుకే ఆ నునుపు. ప్రాణం పోయి ఆ పొర పోతే ఎండకీ ఇసుకకీ మెరుపు తగ్గిపోతుంది. అన్నట్టు గవ్వలకి రాళ్ళు, పగడపు దిబ్బలు కావాలి. సూర్యలంక, మంగినపూడి లాంటి చోట్ల వెతికి నిరాశపడకండి.

కవిత_కరీంనగర్ | 11:30

మాకు గవ్వలంటే అష్టాచెమ్మాలో వేసేవి, లంబాడీ అక్కల పైటకి కుట్టేవి, పండక్కి చేసేవి. ఇన్ని కథలు తెలియవు. శంఖం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అత్తయ్య యాత్రకి వెళ్ళినప్పుడు ఒక షాపులో దక్షిణావర్త శంఖం కొన్నారు. ఎంతకో చెప్తే నవ్వుతారు, చెప్పను. లక్ష్మీదేవి పక్కన పెట్టి పూజ చేస్తున్నారు. అది అసలుదా కాదా తెలిసే మార్గం ఉందా?

టెక్సాస్_తెలుగోడు | 12:10

కవిత గారూ, ఫొటో లేకుండానే ఒకటి అడుగుతా. గుల్ల తెల్లగా ఉన్నా ఎక్కడైనా లేత గోధుమరంగు నిలువు చారలు కనిపిస్తున్నాయా? తోక సన్నగా పొడుగ్గా సాగి ఉందా?

కవిత_కరీంనగర్ | 12:25

లేచి వెళ్ళి చూశా. చారలు లీలగా ఉన్నాయి! మీకెలా తెలుసు?

టెక్సాస్_తెలుగోడు | 12:40

ఎందుకంటే అది మా దగ్గర గాల్వెస్టన్ బీచ్‌లో దొరుకుతుంది. లైట్నింగ్ వెల్క్ అంటారు. 1987 నుంచి టెక్సాస్ రాష్ట్ర గుల్ల కూడా అదే. మామూలు నత్తలన్నీ ఒకవైపు తిరిగితే ఇది పుట్టుకతోనే రెండోవైపు తిరుగుతుంది. ఇక్కడ అందులో వింతేం లేదు. ఇండియాకి వెళ్ళేసరికి దక్షిణావర్త శంఖం అయిపోతుంది. ఫ్లోరిడాలో సానిబెల్ అనే ద్వీపం గుల్లలకి ఫేమస్, అక్కడా ఇవి దొరుకుతాయి. బతికున్న గుల్లలు తీయడం మాత్రం 1995 నుంచి నిషేధం.

జువాలజీ_మాస్టారు | 1:15

ఒక్క రంగు చూసి తీర్పు చెప్పొద్దు, బ్లీచ్ చేసి చారలు పోగొట్టినవీ ఉంటాయి. శంఖం నోట్లోకి టార్చ్ వేసి మధ్య స్తంభం చూడండి. మన పూజ శంఖం, తూత్తుకుడి, రామేశ్వరం వైపు మునిగి తీసేది, దానికి ఆ స్తంభం మీద మూడు నాలుగు స్పష్టమైన అడ్డు మడతలుంటాయి. వేలు పెడితే గట్లు గట్లుగా తగులుతాయి. అమెరికా వెల్క్‌కి ఆ గట్లు ఉండవు, దాదాపు నున్నగా ఉంటుంది.

ఇక దిక్కు. మెలికలు తిరిగిన కొన పైకి పెట్టి నోరు మనవైపు తిప్పితే మామూలు శంఖం నోరు మన కుడిచేతి వైపు వస్తుంది. అదే పూజలో పట్టుకున్నట్టు తోక పైకి పెడితే ఎడమకి వస్తుంది. దక్షిణావర్తం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మన శంఖంలో అలా పుట్టేది చాలా అరుదు కాబట్టే దానికా ధర, ఆ ధర వల్లే ఈ వ్యాపారం.

కవిత_కరీంనగర్ | 1:32

నున్నగా ఉంది. గట్లు లేవు. ఇప్పుడు అత్తయ్యకి చెప్పాలా?

గోదారిగట్టు | 1:36

అమ్మా, అమెరికా నుంచి వచ్చిన లక్ష్మి. వద్దంటారా ఎవరైనా? వదిలెయ్యండి.

శేఖర్_బాపట్ల | 2:05

చట్టం సంగతేంటి? రామేశ్వరంలో కొన్నవి ట్రైన్‌లో తెచ్చుకుంటే పట్టుకుంటారా?

డైవర్_విశాఖ | 2:40

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోది. 2001లో పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలతో పాటు కొన్ని గుల్లల్ని కూడా చేర్చారు. తర్వాత 2022 సవరణలో జాబితాలు మార్చారు. నాటిలస్, రాక్షస చిప్ప ట్రైడాక్నా, కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రైటన్ శంఖం లాంటివి అందులో ఉన్నాయి. వీటిని పట్టడమే కాదు, చచ్చినదాని గుల్ల అమ్మినా కొన్నా నేరమే. పగడపు ముక్క కూడా అంతే, బీచ్‌లో దొరికిందన్నా వినరు. మామూలు పూజ శంఖం ఈ జాబితాలో లేదు.

ట్రైటన్ ఎందుకంటే, పగడాల్ని తినేసే ముళ్ళ నక్షత్ర చేపని వేటాడే కొద్ది జీవుల్లో అదొకటి. దాన్ని షోకేసులోకి చేరిస్తే అక్కడ ఆ నక్షత్ర చేపలకి అడ్డు తగ్గుతుంది.

గోదారిగట్టు | 4:15

మా వైపు గుల్లలంటే షోకేసు కాదు, సున్నం. మా అమ్మమ్మ కాలంలో గుల్ల సున్నం బట్టీ ఉండేది. గుల్లలు, బొగ్గు పొరలు పొరలుగా పేర్చి కాల్చేవాళ్ళు. కాలాక తీసి నీళ్ళు చిలకరిస్తే చిటపటలాడుతూ విచ్చుకుని తెల్లటి పొడి అయ్యేది. తాంబూలంలోకి రాతి సున్నం కంటే ఇదే మేలని అమ్మమ్మ పట్టుదల, నోరు పొక్కదట. పులికాట్ సరస్సులో అయితే అడుగున ఎప్పుడో పూడిపోయిన గుల్లల్ని తవ్వి తీసేవాళ్ళు.

కాకినాడ తీరంలో ఎర్ర రక్తం చిప్పలుంటాయి, తెలుసా? పగలగొడితే నిజంగానే ఎర్రగా కారుతుంది. ఎందుకో మాస్టారు చెప్పాలి.

జువాలజీ_మాస్టారు | 4:50

వాటి రక్తంలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. నత్తల్లో చాలావాటికి రాగి ఉండే పదార్థం ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే నీలంగా కనిపిస్తుంది. ఈ చిప్పలు ఆక్సిజన్ తక్కువ ఉండే బురదలో బతకాలి కాబట్టి హిమోగ్లోబిన్ పనికొస్తుంది. పెంకు మీద లోతైన గాడులు, మందం ఎక్కువ, సులువుగా గుర్తుపట్టొచ్చు. అదే కాకినాడ అఖాతంలో పారదర్శకంగా, పల్చగా, గుండ్రంగా ఉండే చిప్ప కూడా దొరుకుతుంది. గోవాలో పాత ఇళ్ళ కిటికీలకి అద్దాల బదులు ఆ రకాన్నే బిగించేవాళ్ళు.

స్వాతి_మియాపూర్ | 7:20

హైదరాబాద్ ట్రైన్‌లో ఉన్నాం. అమ్మో, ఇంత చర్చ జరిగిందా! మిగిలినవన్నీ ఖాళీవే అని ఒక్కోటీ చూసి తెచ్చాం. బ్యాగ్ లోంచి కొంచెం వాసన వస్తోంది. ఇంటికెళ్ళాక ఉడకబెట్టనా? వెనిగర్?

ఉప్పాడ_బోటు | 7:34

వెనిగర్ వద్దు! గుల్ల అంటే సున్నమే కదా, పులుపు తగిలితే బుడగలొచ్చి కరిగిపోతుంది. ఉడకబెడితే పల్చటివి చిట్లుతాయి. బ్లీచింగ్ ద్రవం కొంచెం నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, మంచినీళ్ళలో రెండు మూడుసార్లు కడగండి. బ్లీచ్‌లో వేరే క్లీనర్లు కలపకండి. నీడలో ఆరబెట్టి, బేబీ ఆయిల్ ఒక చుక్క రాస్తే రంగు తేలుతుంది.

స్వాతి_మియాపూర్ | 7:41

థాంక్యూ అండి. ఇంకొకటి మర్చిపోయా. అరచేయంత పొడుగు, పడవ ఆకారంలో తెల్లగా, తేలిగ్గా ఒక ముక్క. థర్మాకోల్ అనుకుని పారేయబోతే పాప ఒప్పుకోలేదు. గోరుతో గీస్తే పొడి రాలుతోంది.

జువాలజీ_మాస్టారు | 8:05

కటిల్ ఫిష్ వెన్ను అది. ఆక్టోపస్‌కి చుట్టం. ఆ జాతికి గుల్ల ఒంటి లోపల ఉంటుంది. విరిచి చూస్తే సన్న సన్న అరలు కనిపిస్తాయి. వాటిలో గాలి, ద్రవం పాళ్ళు మార్చుకుంటూ నీళ్ళలో పైకీ కిందికీ తేలుతుంది. గుడ్లు పెట్టాక తల్లులు ఎక్కువ కాలం బతకవు, అందుకే వెన్నులు ఒడ్డుకి చాలా కొట్టుకొస్తాయి. ఆయుర్వేదం షాపుల్లో సముద్రపు నురుగు అని అమ్మేది ఇదే. కంసాలులు చిన్న నగల పోతకి అచ్చుగా కూడా వాడతారు.

స్వాతి_మియాపూర్ | 8:09

మా పక్కింట్లో లవ్ బర్డ్స్ ఉన్నాయి. వాళ్ళు పెట్ షాపులో డబ్బులిచ్చి కొనేది ఇదేనా?!

జువాలజీ_మాస్టారు | 8:14

అదే. రెండు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు పోనివ్వండి. బాగా ఎండాక మెత్తటి వైపు పిట్టలకి తగిలేలా పంజరానికి కట్టమనండి. దీన్ని మాత్రం బ్లీచ్‌లో వేయకండి.